తాళం తిరిగిన చప్పుడు

పప్పు గిన్నె నా చేతిలోంచి జారి పడినప్పుడు హయాత్ బాషా తల కూడా ఎత్తలేదు. “ఏందిది?” అన్నాడు, కంచంలోకి చూస్తూనే.

ఆ వారంలో అట్లా జారిపోవడం అది మొదటిసారి కాదు. ముందు గ్లాసు, తర్వాత మా పాప గౌసియా టిఫిన్ డబ్బా, ఇప్పుడు పొగలు కక్కే పప్పు. వేళ్ళు నావి కానట్టు ఉన్నట్టుండి వదిలేస్తున్నాయి. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటుంది, కళ్ళ ముందు నల్లటి చుక్కలు తిరుగుతాయి, కాసేపటికి ఏమీ జరగనట్టే సర్దుకుంటుంది. నేల మీది పప్పు చేత్తో ఎత్తుతూ “పట్టు తప్పింది” అన్నాను.

“పట్టు తప్పేదానికి నువ్వేమన్నా కొండ మింద బండలు పగలగొడతాండావా? ఇంట్లో పనే కదా” అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. ఆయనకు కోపం రాదని కాలనీలో అందరూ చెప్పుకుంటారు. తాగడు, పేకాడడు, నా మీద ఏనాడూ చెయ్యి ఎత్తలేదు. హయాత్ బాషా భార్యకు ఏం లోటని మా క్వార్టర్లలో ఆడవాళ్ళు అనుకుంటారు. నేనూ అదే అనుకునేదాన్ని.

ఎనభై నాలుగో సంవత్సరం అది. దుబాయ్‌కి అవతల, ఫుజైరా ఊరికి బయట, ఎండి బూడిద రంగుకు తిరిగిన కొండల కింద మా కంపెనీ క్వార్టర్లు ఉండేవి. కంపెనీ ఆ కొండల్నే పేల్చి, కంకర చేసి, ఓడలకెత్తేది. ఆయన అక్కడ స్టోర్‌కీపరు. మాది రాజంపేట దగ్గర. గౌసియాకు నాలుగో ఏడు వచ్చాక మా ఇద్దరినీ తెచ్చుకున్నాడు. పెళ్ళాం బిడ్డల్ని దుబాయ్‌కి తెచ్చుకునే మగవాళ్ళు మా వైపు చాలా తక్కువ. మిగతా ఆడవాళ్ళు ఏడాదికోసారి వచ్చే మొగుడి కోసం ఎదురుచూస్తూ ఊళ్ళోనే ఉండిపోతారు. ఇంత అదృష్టం ఇచ్చిన మనిషి ముందు దేనికైనా నోరెత్తితే కృతజ్ఞత లేనిదాన్నయిపోతానని నాకు నేనే నచ్చజెప్పుకునేదాన్ని.

ఇంట్లో పనే కదా, అన్నాడు. క్వారీ దుమ్ము పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ పొరలా పడుతుంది. కిటికీ రెక్కల మీద, ఆరేసిన బట్టల మీద, పళ్ళ మధ్య కూడా అదే. పొద్దున్నే లేచి వంట చేసి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, గౌసియాను తీసుకుని కంపెనీ పికప్‌లో ఊళ్ళోని చిన్న బడికి పోయేదాన్ని. టీచర్ ట్రైనింగ్ చేశానని నన్ను పసిపిల్లల క్లాసుకు తీసుకున్నారు. చేరిన కొత్తల్లోనే ఒకరోజు ప్రిన్సిపాల్ మేడమ్ గుమ్మంలోంచి తొంగిచూసి “బానూ, ఆ పిల్లవాడు నిక్కరు తడిపాడు, కొంచెం చూడు” అంది. అప్పట్నుంచి ఆ ‘కొంచెం చూడు’ నా ఉద్యోగమైపోయింది. పిల్లల ముక్కులు, నిక్కర్లు, వచ్చినవాళ్ళకు టీలు. బోర్డు మీద అక్షరాలు రాయడానికి ఇంకో అమ్మాయి వచ్చింది. నేను టీచర్‌నని ఇంట్లో ఒకసారి గుర్తుచేస్తే ఆయన నవ్వి “పొద్దుపోక పోతాండావులే, ఏదైతే ఏముంది” అన్నాడు.

గిన్నె జారిన మరుసటి రోజు సాయంత్రం ఆయనే నన్ను ఊళ్ళో క్లినిక్‌కు తీసుకుపోయాడు. బొంబాయి నుంచి వచ్చిన డాక్టరమ్మ, నెరిసిన జుట్టు, నిదానమైన మనిషి. ఏమైందని నన్ను హిందీలో అడిగింది. ఆయన జవాబిచ్చాడు. నిద్ర పడుతోందా అని నన్ను అడిగింది. “బాగా పోతాది” అని ఆయన చెప్పాడు. “ఈమెకు రోగమేం లేదు డాక్టర్, ఆలోచనలు ఎక్కువ. ఒక టానిక్ రాసియ్యండి” అన్నాడు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. “మీరు కాసేపు బయట కూర్చోండి.”

ఆ మాట నేనే అన్నట్టు ఆయన నా వైపు చూసి లేచి పోయాడు. ఆమె నాడి చూసింది, చేతులు చాపమని వేళ్ళ వణుకు చూసింది, రక్తం తీయించింది. తర్వాత అడిగింది: “నువ్వు ఊరికే కూర్చుని ఎన్నాళ్ళయింది?”

“రోజూ కూర్చుంటాను కదమ్మా. చపాతీలు ఒత్తేటప్పుడు, కూరగాయలు తరిగేటప్పుడు...”

“చేతిలో ఏమీ లేకుండా.”

ఆలోచించాను. చాలాసేపు ఆలోచించాను. “గౌసియా పుట్టినప్పుడు. ఆస్పత్రిలో” అన్నాను. అనగానే కళ్ళల్లోంచి నీళ్ళు కారడం మొదలైంది. నాకు ఏడవాలని లేదు. బాధగా కూడా లేదు. ఎవరో పక్కింటి పంపు తిప్పితే మా ఇంట్లో నీళ్ళు పడుతున్నట్టు ఉంది. నేను అదిరిపోయి కొంగుతో తుడుచుకుంటూ ఉన్నాను, అవి వస్తూనే ఉన్నాయి. ఆమె ఓదార్చలేదు. అవి ఆగేదాకా కాగితాలు సర్దుకుంటూ ఉంది.

తర్వాత చెప్పింది. “మందు ఇస్తాను, రక్తం తక్కువగా ఉన్నట్టుంది. దాంతోపాటు ఇంకొకటి. రోజూ కాసేపు కూర్చో. కళ్ళు మూసుకో. ఊపిరి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది, దాన్ని గమనించు. దాన్ని మార్చొద్దు, బిగపట్టొద్దు. మనసు ఎటో పోతుంది. పోయిందని తెలియగానే మళ్ళీ ఊపిరి దగ్గరికి రా. అంతే.”

“ఎవరి పేరు తలుచుకోవాలి?”

“ఎవరి పేరూ వద్దు.”

“ఏదైనా దువా?”

“దువా నువ్వు నమాజులో చేసుకో. అది వేరు, ఇది వేరు. ఇక్కడ ఏమీ అడగొద్దు. ఎవరి కోసమూ చెయ్యొద్దు.”

“మరి దేని కోసం?”

ఆమె మొదటిసారి నవ్వింది. “కూర్చోవడం కోసం.”

ఇంటికి వస్తూ దారిలో చెప్తే ఆయన పడీ పడీ నవ్వాడు. “ఊపిరి చూసుకునేదానికి డాక్టరెందుకు? అది దానంతటదే పోతాది. ఖలాస్.”

కూర్చోవడం మొదలుపెడితే తెలిసింది, ఆ ఇంట్లో నేను కూర్చోవడానికి చోటు లేదని. సోఫా ఆయనది, మంచం నిద్రపోవడానికి, వంటగది పనికి. ఎక్కడ కూర్చున్నా రాజంపేటలో ఉన్న మా అత్త హుస్సేనమ్మ గొంతు వినిపించేది. “ఏమ్మే, కాళ్ళిరిగినాయా, కూకున్యావు?” కొత్త కోడలిగా ఉన్నప్పుడు నేను కాస్త గోడకు ఆనుకుంటే చాలు, ఆమె ఆ మాట అనేది. ఆ మాట నాతోపాటు విమానం ఎక్కి వచ్చింది. చివరికి వెనక గదిలో పెట్టెల పక్కన, నేల మీద చాప వేసుకున్నాను. బడి నుంచి వచ్చి, వంట ముగించి, ఆయన భోజనానికి వచ్చే లోపల దొరికే కాస్త సమయం నాది అనుకున్నాను.

కళ్ళు మూయగానే పాలు గుర్తొచ్చాయి. పొయ్యి కట్టేశానా? ఊపిరి. ఆయన నీలం చొక్కాకు గుండీ కుట్టాలి. ఊపిరి. ఊరికి పోయేవాళ్ళ చేత అత్త కళ్ళజోడు పంపాలి. ఊపిరి. గౌసియా యూనిఫారం పొట్టి అవుతోంది. రేపు బడికి పెద్దలెవరో వస్తారట, కప్పులు సరిపోతాయా? ఎన్ని రోజులు కూర్చున్నా ఇదే. గ్యాస్ సిలిండరు, మరిది పెళ్ళికి కొనాల్సిన చీర, ప్రిన్సిపాల్ మేడమ్ టీలో చక్కెర. ఒకరోజు ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. ఇన్ని రోజుల్లో నా తలలోకి వచ్చినవాటిలో నాది అన్నది ఒక్కటి కూడా లేదు. నాకేదో తినాలని అనిపించలేదు. ఎక్కడికో పోవాలని అనిపించలేదు. ఎవరి మీదా కోపం కూడా రాలేదు. అందరూ నా తలలోకి వచ్చి పోతున్నారు, నేను మాత్రం ఎక్కడా కనిపించలేదు. కళ్ళు తెరిచి చాప మీద అట్లాగే ఉండిపోయాను. పదేళ్ళ క్రితం రాజంపేటలో అందరికంటే గట్టిగా నవ్వుతుందని పేరున్న ఒక పిల్ల ఉండేది. ఆమె ఎక్కడికి పోయిందో నాకు తెలియలేదు.

ఒక శుక్రవారం, సెలవు రోజు, ఆయన కంట్లో పడ్డాను. గుమ్మంలో నిలబడి “ఏందిది?” అన్నాడు.

“డాక్టరమ్మ చెప్పిందే.”

“జపమా?”

“కాదు.”

“మంత్రమా? మనోళ్ళు చేసేదేనా ఇది?”

“ఏం లేదు. ఊరికే కూర్చున్నా.”

“ఊరికేనా?” ఆయన నిజంగానే అర్థం కాక నన్ను చూశాడు. జపమని అంటే కూడా అంత విస్తుపోయేవాడు కాదు. “ఊరికే కూకునేదానికేనా నిన్ను ఇంతదూరం తెచ్చుకుంది? మీరావలి వాళ్ళు వస్తాండారు. లేసి టీ పెట్టు.”

మీరావలి మా కంపెనీ పికప్ డ్రైవరు. అతని భార్య అక్తర్ బీది నెల్లూరు, వయసులో నాకంటే పెద్ద. వంటగదిలో నా పక్కన నిలబడి సంగతంతా విని నెత్తి కొట్టుకుంది. “పిచ్చిదానా, ఊరికే అంటే ఎవురు ఒప్పుకుంటారు? చేతిలో తస్బీ పట్టుకో. కండ్లు మూసుకో. లోపల నువ్వు ఏం చేసుకుంటే ఎవురికి తెలస్తది?” అంది. ఇంటికి పోగానే తన తస్బీ పంపించింది, పచ్చపూసలది.

మరుసటి శుక్రవారం ఆ పూసల దండ చేతికి చుట్టుకుని కూర్చున్నాను. ఆయన అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. “ఏందిది” అనే మాట రాలేదు. చెప్పులు విప్పిన అలికిడి వినిపించింది. ఉత్త కాళ్ళతో వెనక్కి పోయాడు. ముందు గదిలో గౌసియాతో గుసగుసగా “అరవద్దు. అమ్మ తస్బీ చదువుకుంటాంది” అన్నాడు. టేప్‌రికార్డరు ఆగిపోయింది. కాసేపటికి వంటగదిలో అగ్గిపుల్ల గీసిన చప్పుడు. ఆయన టీ పెట్టుకుంటున్నాడు! ఎక్కడ ఏ డబ్బా ఉందో ఎవరినీ అడగకుండా, గిన్నె చప్పుడు కాకుండా.

నేను కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నాను. నాకు సంతోషం కలగాలి. గుండెలో మాత్రం ఏదో బరువైనది వచ్చి పడింది. ఆయనకు అన్నీ చేతనవునన్న మాట. మెల్లగా నడవడం చేతనవును. గొంతు తగ్గించడం చేతనవును. టీ చేతనవును. జ్వరంతో నేను పడుకున్న రోజున కూడా మంచం పక్కన నిలబడి “టీ పొడి యాడుంది?” అని అడిగిన మనిషి. ఆ మౌనం నిండుగా, మెత్తగా నా చుట్టూ ఉంది కానీ దాని మీద నా పేరు లేదు. ఖుదా కోసం ఇచ్చినదాన్ని నేను దొంగచాటుగా అందుకుంటున్నాను. మామూలుగా నమాజు చేసుకుంటే నా మనసుకు నెమ్మది కలుగుతుంది, అది నాకూ ఖుదాకూ మధ్య సంగతి. ఈ పూసలతో మాత్రం నేను ఇంట్లో వాళ్ళనే కాదు, పైవాడిని కూడా మోసం చేస్తున్నట్టు అనిపించింది. అయినా కొన్నాళ్ళు అట్లాగే గడిపాను. కూర్చోవడం అలవాటైపోయింది, వదులుకోలేకపోయాను. చేతుల వణుకు తగ్గింది. గిన్నెలు జారడం ఆగిపోయింది. ఊపిరి వెంట కాసేపు నిలబడగలుగుతున్నాను. ముక్కు కొన దగ్గర చల్లగా లోపలికి, వెచ్చగా బయటికి. అంత చిన్న సంగతిలో అంత సుఖముందని నాకెవరూ చెప్పలేదు.

వేసవి ఇంకా ముదరని రోజు ఒకటి. గౌసియా ముందు గదిలో ఆడుకుంటోంది. మధ్యాహ్నం కూలీలందరినీ కొండ దించాక క్వారీలో పేలుడు ఉంటుంది. ముందు సైరన్ మోగింది. తర్వాత కొండ పేలింది. నేల కదిలింది, అలమరలో గ్లాసులు గలగలమన్నాయి, కిటికీ అద్దాలు వణికాయి. నా ఊపిరి మాత్రం చల్లగా లోపలికి పోయింది, వెచ్చగా బయటికి వచ్చింది. దానికి ఆ పేలుడుతో ఏ సంబంధమూ లేదు. నాకు భలే గర్వంగా అనిపించింది. నేర్చుకున్నాను, నాకు వచ్చేసింది అనుకున్నాను చిన్నపిల్లలా.

కొంతసేపటికి ముందు తలుపు తాళంలో చెవి తిరిగింది. చిన్న చప్పుడు. ‘టిక్’ అని.

నా ఊపిరి ఆగిపోయింది.

నేను ఆపలేదు. చూస్తూ ఉండగానే సగం దారిలో ఆగి, పక్కటెముకల కింద గట్టిపడి, అక్కడే నిలబడిపోయింది. పొట్ట రాయిలా బిగిసింది. భుజాలు పైకి లేచాయి. నాలుక అంగిలికి అంటుకుంది. బయట ఆయన చెప్పులు విప్పాడు, గుమ్మంలో నిలబడి స్టోరులో సరుకు చూసుకున్నట్టు ఇల్లంతా ఒకసారి చూశాడు. ఆ మౌనం నాకు తెలుసు. ఎక్కడ ఏది తప్పుగా ఉందో ఆయన కళ్ళు వెతుకుతున్నాయి. చివరికి దగ్గి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. అప్పుడు వదిలింది నా ఊపిరి.

అన్నం వడ్డిస్తూ ఆయన వైపు దొంగచూపులు చూశాను. ఈ మనిషా? కొండ పేలితే కదలని నా ఊపిరి ఈ మనిషి తాళం చెవికి ఆగిపోతుందా? ఏదో పొరపాటు అనుకున్నాను. మర్నాడు చూశాను. ఆ మర్నాడు చూశాను. తాళం చప్పుడుకు ఆగింది. “బానూ” అన్న పిలుపుకు ఆగింది. కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన ఏమంటాడో చూసే ఆ క్షణంలో ఆగింది. బాత్‌రూమ్ లోంచి “ఏందిది?” అంటే వంటగదిలో ఉన్న నాకు ఆగింది. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదని నా ఒంటికి తెలుసు. కొత్తగా తెలిసింది నాకే. పెళ్ళయిన నాటి నుంచి రోజుకు ఎన్నోసార్లు నేను ఊపిరి బిగబట్టుకుని బతుకుతున్నాను. అందుకే అప్పుడు గిన్నెలు జారాయి, అందుకే నల్లచుక్కలు.

ఆయన కొట్టలేదు కదా, తిట్టలేదు కదా అని నన్ను నేనే అడిగాను. కొట్టి ఉంటే ఎవరికైనా చూపించేదాన్ని. ‘ఏందిది’ అన్న మాటను ఎవరికి చూపించను? పెళ్ళయిన కొత్తలో నేను పాట పాడుకుంటూ బియ్యం ఏరుతుంటే ‘ఏందిది’ అన్నాడు. పాట ఆగిపోయింది. జడలో పువ్వు పెట్టుకుంటే ‘ఏందిది, యాడికి పోతాండావు’ అన్నాడు. ట్రైనింగ్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తే ‘ఏందిది’ అన్నాడు. పెట్టెలో పెట్టేశాను. ప్రతిసారీ ఇంత చిన్నదానికి గొడవెందుకని నేనే సర్దుకున్నాను. ఒక్కో మాట తలుచుకుంటే నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, అంత చిన్నది. అన్నీ కలిసి మాత్రం నా ఛాతీ మీద కూర్చున్నాయి. డాక్టరమ్మ నాకు నెమ్మది కోసం ఊపిరి చూసుకోమంది. నాకేమో నా ఇంట్లో నేను భయంతో ఉన్నానన్న వార్త అందింది.

అప్పటికీ ఏమీ చెయ్యలేదు నేను. సర్దుకోవడం అంత అలవాటు. ఈసారి ఆగకుండా చూసుకుంటే సరి, ఊపిరికి కూడా శిక్షణ ఇచ్చుకుంటే సరి అనుకున్నాను.

ఒకరోజు బడి నుంచి వచ్చాక గౌసియా నా పక్కనే చాప మీద పడుకుని బొమ్మ వేసుకుంటోంది. ఓడ, దాని మీద పెద్ద పిల్లి. నేను కళ్ళు మూసుకోలేదు ఆ రోజు. దాని వైపు చూస్తూ కూర్చున్నాను. గౌను కింద చిన్న పొట్ట పైకి లేస్తోంది, దిగుతోంది. ఎంత తేలికగా పోతోంది పసిదానికి గాలి అని చూస్తున్నాను. తాళంలో చెవి తిరిగింది.

గౌసియా పొట్ట ఆగిపోయింది.

చూస్తూ ఉన్నాను. లేవలేదు, దిగలేదు. దాని భుజాలు చెవుల దాకా లేచాయి. బొమ్మ కాగితాన్ని చప్పుడు కాకుండా చాప కిందికి తోసేసింది. రంగు పెన్సిళ్ళు పిడికిట్లో దాచుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. ముందు గదిలో ఆయన నిలబడి చూసి, దగ్గి, కుళాయి తిప్పాడు. అప్పుడు దాని నోట్లోంచి గాలి బయటికి వచ్చింది. నా ఛాతీలోంచి వచ్చినట్టే.

దాన్ని దగ్గరికి లాక్కుని గుసగుసగా అడిగాను. “ఎందుకు దాచినావే బొమ్మ?”

“నాయన ‘ఏందిది’ అంటాడు కదా.”

“కండ్లెందుకు మూసుకున్యావు?”

అంత తెలివితక్కువ ప్రశ్న ఎందుకు అడుగుతున్నానన్నట్టు చూసింది నా కూతురు. “నువ్వు మూసుకుంటావు కదమ్మా, నాయన వచ్చే ముందర. రోజూ చూస్తా. నేను గూడా నీ మాదిరే చేస్తాండా.”

నా జీవితంలో నాకోసం నేను చేసుకున్న ఒకే ఒక పని అది. దాన్ని చూసి నా బిడ్డ, మొగుడు వచ్చే ముందు ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని సిద్ధపడతారని నేర్చుకుంది. ముందు గదిలోంచి “బానూ, అన్నం” అన్న పిలుపు వినపడింది. లేచి పోయి వడ్డించాను. ఏం వడ్డించానో ఇప్పటికీ గుర్తులేదు. కంచం ముందు ఆయన, గోడకు ఆనుకుని గౌసియా, మధ్యలో గరిటె పట్టుకుని నేను. కొండ పేలినప్పుడు కూడా ఆ ఇల్లు నాకు అట్లా కదిలినట్టు అనిపించలేదు.

సాయంత్రం తస్బీని అక్తర్ బీ ఇంటికి తీసుకుపోయి ఇచ్చేశాను. “దొరికిపోయినావా?” అంది. “లేదక్కా. ఇంక దాచను” అన్నాను. ఆమె కాసేపు నా మొహం చూసి “చూసుకోమ్మా. ఇది మన ఊరు కాదు. వీసా ఆయన పేరు మీద ఉండాది” అంది. అది నాకు తెలియనిది కాదు. ఆ మాటకు కూడా ఊపిరి కాస్త తడబడింది. తడబడి మళ్ళీ నడిచింది.

మర్నాడు వంట ముగించి, ముందు తలుపుకు లోపలి గడియ పెట్టాను. పగటిపూట ఆ గడియ ఎప్పుడూ పెట్టలేదు. చాప తెచ్చి ముందు గదిలో, అందరికీ కనిపించేచోట వేసుకుని కూర్చున్నాను. గౌసియా వచ్చి నా పక్కన కూర్చుంది. తాళంలో చెవి తిరిగింది. తలుపు రాలేదు. మళ్ళీ తిరిగింది. తలుపును భుజంతో తోసిన చప్పుడు. “బానూ! ఏందిది?”

గౌసియా నా చెయ్యి పట్టుకుంది. నా ఊపిరి ఆగింది. ఆగిందని చూశాను. కదిలేదాకా చూస్తూ ఉన్నాను. కదిలాక లేచి తలుపు తీశాను.

“గడియెందుకు పెట్టినావు? నిద్రపోయినావా?”

“లేదు. కూర్చున్నాం. రేపటి నుంచి తాళం తియ్యొద్దండీ. తలుపు తట్టండి. నేను వచ్చి తీస్తాను.”

“నా ఇంటికి నేను తలుపు తట్టాల్నా?” నవ్వాడు ఆయన. నేను నవ్వకపోయేసరికి నవ్వు ఆగింది.

“మీ తాళం చెవి తిరిగితే నాకు ఊపిరి ఆడటం లేదు.” ఆ మాట బయటికి వచ్చాక దాని చప్పుడుకు నేనే అదిరిపోయాను. 

“ఏం మాట్లాడతాండావు? నేను ఎప్పుడన్నా చెయ్యి చేసుకున్యానా?”

“లేదు.”

“తిట్టినానా?”

“లేదు.”

“తాగొచ్చినానా? ఇంకొకదాని కాడికి పోయినానా? తిండికి తక్కువ చేసినానా?”

“లేదు. అందుకే నాకూ ఇన్నేళ్ళు తెలీలేదు.”

“ఇదంతా ఆ డాక్టరమ్మ ఎక్కించింది. ఊరికే కూకోని కూకోని మతి చెడింది నీకు. తస్బీ యాడుంది?”

“ఇచ్చేసినా. నేను చేసేది తస్బీ కాదు. మొదటి నుంచి కాదు. నేను కూర్చునేది నా కోసం.”

ఆయన మొహం ఎర్రబడింది. కోపం రాని మనిషికి కోపం వస్తే ఎట్లా ఉంటుందో మొదటిసారి చూశాను. “మేనేజర్‌తో మాట్లాడి టికెట్ తీపిస్తా. పో, మా అమ్మ కాడ కూకో పో, ఎంతసేపు కూకుంటావో!”

“తియ్యండి. మీ అమ్మ దగ్గర కాదు. రాజంపేటలో బడులున్నాయి, నేను టీచర్‌ని.”

ఆయన చుట్టూ చూసి, సాక్షి దొరికినట్టు కూతురి వైపు తిరిగాడు. “గౌసీ, ఇట్రా. నువ్వు చెప్పు. నేనంటే నీకు భయమా?”

గౌసియా గోడకు అంటుకుపోయి నిలబడింది. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. “చెప్పమ్మా” అన్నాడు ఆయన, గొంతు బాగా తగ్గించి. అది ఆయన వైపే చూస్తోంది. పెదవులు బిగుసుకుపోయాయి, మెడ దగ్గర నరం ఒక్కటే కొట్టుకుంటోంది, గౌను కదలడం లేదు. ఎంతసేపటికీ కదలలేదు. స్టోరులో ఒక్క బోల్టు తక్కువైతే కనిపెట్టే కళ్ళు ఆయనవి. నేను చూస్తుండగానే ఆయన కళ్ళు ఆ పసిదాని పొట్ట దగ్గర ఆగిపోయాయి.

ఆయన చెయ్యి ముందుకు చాపాడు. అది ఇంకా వెనక్కి నక్కింది. చాపిన చెయ్యిని అట్లాగే కిందికి దించుకుని, చెప్పులు వేసుకుని, అన్నం తినకుండానే బయటికి పోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మధ్యాహ్నాలు ఆయన ఇంటికి రాలేదు. కూలీల మెస్‌లో తింటున్నాడని మీరావలి చెప్పాడు. రాత్రి వచ్చేసరికి గడియ తీసే ఉంచేదాన్ని. మాటల్లేవు. టికెట్ మాట మళ్ళీ రెండుమూడుసార్లు వచ్చింది, ఒకసారి కోపంగా, తర్వాత నిజంగా పోతావా అన్నట్టు. నేను పెట్టెలోంచి సర్టిఫికెట్ తీసి పైన పెట్టుకున్నాను. బడిలో ప్రిన్సిపాల్ మేడమ్ “బానూ, కొంచెం చూడు” అన్నప్పుడు “నాకు క్లాసు ఇవ్వండి మేడమ్, అప్పుడు పిల్లల్ని చూస్తాను” అన్నాను. ఆమె క్లాసు వెంటనే ఇవ్వలేదు. టీలు మాత్రం ఆ రోజు నుంచి నేను పెట్టలేదు.

రోజూ మధ్యాహ్నం గడియ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరూ రారని తెలిసినా పెట్టేదాన్ని.

ఒకరోజు సైరన్ అయింది, పేలుడు అయింది, దుమ్ము కిటికీల మీద మెల్లగా వాలింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు దగ్గరికి వచ్చి ఆగింది. జేబులో తాళాలు గలగలమన్నాయి. గౌసియా నా వైపు చూసింది, నేను దాని వైపు చూశాను. తాళంలో చెవి తిరగలేదు. చాలాసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత వేళ్ళ కణుపులతో, అలవాటు లేని చెయ్యి కొట్టినట్టు, తలుపు మీద చప్పుడయింది.

“ఎవరు?” అన్నాను.

తన ఇంటి ముందు నిలబడి తానెవరో చెప్పుకోవలసి రావడం ఆయనకు ఏనాడూ ఎదురుకాలేదు. 

“నేనే... హయాత్‌ని” అన్నాడు.

లోపలికి తీసుకున్న గాలిని తొందరపడకుండా పూర్తిగా వదిలాను. అప్పుడు లేచాను.